కళ్లె రంగు ఏం చెప్తుంది? ఏం చెప్పదు?



ఈసారి నేను కళ్లె గురించి రాస్తున్నాను. పేరు చదవగానే కొందరు "ఛీ" అని ముక్కు మూసుకుంటారు. కాని చలికాలం వచ్చిందంటే మన హాస్టల్లో రాత్రంతా దగ్గులే వినిపిస్తాయి. పొద్దున కుళాయిల దగ్గర "నీకు పచ్చగా పడింది, పెద్ద జబ్బే" అని ఒకరు, "నాకు తెల్లగానే ఉంది, ఏం కాదు" అని ఇంకొకరు అనుకుంటారు. మన ఊళ్లల్లో పెద్దవాళ్లు కూడా ఇట్లనే రంగు చూసి జబ్బు చెప్తారు. ఇందులో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది నిజమో సైన్సు టీచరుగారిని, ఏఎన్ఎం అమ్మను అడిగి, పుస్తకంలో చదివి రాస్తున్నాను.

కళ్లె అంటే ఏమిటి?

కొందరు కళ్లె అంటారు, కొందరు గళ్ల అంటారు, కొందరు తెమడ అంటారు. పుస్తకంలో కఫం అని ఉంటుంది. అన్నీ ఒకటే. ఉమ్మి మాత్రం వేరు. ఉమ్మి నోట్లో ఊరుతుంది. కళ్లె గొంతు కింద, గాలి పోయే గొట్టాల్లో తయారవుతుంది.

జబ్బు లేనివాళ్లకు కూడా ఈ జిగురు ఉంటుంది. ఎందుకంటే మనం పీల్చే గాలిలో దుమ్ము, పొగ, క్రిములు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల లోపలికి పోకుండా జిగురుకు అంటుకుంటాయి. ఆ గొట్టాల లోపల కంటికి కనపడని సన్నని వెంట్రుకల వంటివి ఉంటాయి. గాలికి వరిచేను ఊగినట్టు అవి ఎప్పుడూ ఒకే వైపు ఊగుతూ జిగురును పైకి, గొంతులోకి నెడుతుంటాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. కడుపులోని ఆమ్లం చాలా క్రిములను చంపేస్తుంది.

జలుబో జబ్బో వస్తే జిగురు ఎక్కువవుతుంది, చిక్కబడుతుంది. అప్పుడు వెంట్రుకల బలం చాలదు. ఒక్కసారిగా గాలిని బయటికి కొట్టి దాన్ని ఊడదీయాలి. అదే దగ్గు. అంటే దగ్గు మన శత్రువు కాదు, ఇల్లు ఊడ్చే చీపురు వంటిది. కాని చీపురు రోజుల తరబడి ఆగకుండా ఊడుస్తుందంటే లోపల ఏదో ఉన్నట్టే కదా!

బీడీ, చుట్ట తాగేవాళ్లలో ఆ సన్నని వెంట్రుకలు పొగకు పాడైపోతాయి. అందుకే వాళ్లు పొద్దున లేవగానే చాలాసేపు దగ్గుతారు.

ఏ రంగు ఎందుకు వస్తుంది?

1. నీళ్లలాగ, గుడ్డు తెల్లసొనలాగ: జలుబు మొదటి రోజుల్లోను, దుమ్ము, పుప్పొడి పడనివాళ్లకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇట్లా వస్తుంది.

2. గంజిలాగ తెల్లగా, చిక్కగా: జలుబు ముదిరితే, గొట్టాలు వాస్తే వస్తుంది. నీళ్లు తక్కువ తాగినా చిక్కబడుతుంది.

3. పసుపు, ఆకుపచ్చ: దీన్ని చూసే అందరూ భయపడతారు. నేను కూడా ఆ పచ్చరంగు క్రిముల రంగేమో అని అడిగాను. కాదట. క్రిములతో పోరాడటానికి మన రక్తంలోని తెల్ల కణాలు అక్కడికి వస్తాయి. ఆ కణాల్లో ఇనుముతో కూడిన ఒక పదార్థం ఉంటుంది. దాని రంగే ఆకుపచ్చ. కొద్ది కణాలు చచ్చిపోతే కళ్లె పసుపుగా ఉంటుంది, ఎక్కువ చచ్చిపోతే చింతచిగురులాగ పచ్చగా అవుతుంది. అంటే అది మన సైనికుల రంగు. మామూలు జలుబులో కూడా మూడు నాలుగు రోజులకు ఈ రంగు రావచ్చు. రాత్రంతా లోపల నిలవ ఉంటుంది కాబట్టి పొద్దున పడే కళ్లె ఇంకా ముదురుగా ఉంటుంది.

4. గోధుమరంగు, తుప్పు రంగు: పొగాకు వాడేవాళ్లకు గోధుమరంగు వస్తుంది. లోపల పాత రక్తం ఉన్నా ఇట్లనే ఉంటుంది. గట్టి జ్వరం, ఛాతీలో పోటుతో పాటు తుప్పు రంగు కళ్లె పడితే న్యుమోనియా కావచ్చు. ఆలస్యం చేయవద్దు.

5. నలుపు: పొయ్యి పొగ, బొగ్గు దుమ్ము పీల్చితే వస్తుంది. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో బొగ్గు గనులున్నాయి. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులే పాడవుతాయి. గాలి ఆడని గుడిసెలో కట్టెల పొయ్యి ముందు రోజూ కూర్చునే మన అమ్మలు పీల్చే పొగ కూడా తక్కువేం కాదు.

6. ఎరుపు: ఇది రక్తం. ముందు నోరు పుక్కిలించి చూడాలి. ఆకు, వక్క వేసుకున్నవాళ్ల ఉమ్మి కూడా ఎర్రగానే ఉంటుంది. పంటి చిగురు నుంచి, ముక్కు నుంచి కూడా రక్తం రావచ్చు. కాని దగ్గితే రక్తం పడింది అంటే, ఒక్క చారే అయినా, దవాఖానాలో చూపించాలి. టీబీ, న్యుమోనియా, ఊపిరితిత్తుల క్యాన్సరు వంటివాటిలో ఇట్లా పడుతుంది. లేత గులాబీ రంగులో నురగ వచ్చి, ఊపిరి ఆడకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందేమో అని అనుమానించాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పచ్చగా ఉంటే మాత్రలు వేసుకోవాలా?

సంతలో మందుల దుకాణానికి పోయి "పచ్చ కళ్లె పడుతుంది" అంటే చాలు, రంగురంగుల గొట్టం బిళ్లలు ఇస్తారు. వాటిని యాంటీబయాటిక్స్ అంటారు. అవి బ్యాక్టీరియా అనే క్రిముల మీదనే పని చేస్తాయి. జలుబు తెచ్చేది వైరస్. వైరస్ మీద అవి పని చేయవు.

యూరప్‌లోని 13 దేశాల్లో దగ్గుతో వచ్చిన 3,400 మంది పెద్దవాళ్లను గమనించి, 2011లో ఆ ఫలితాలు వేశారు. పసుపు, పచ్చ కళ్లె పడేవాళ్లలో కూడా యాంటీబయాటిక్ వాడినవాళ్లు, వాడనివాళ్ల కంటే తొందరగా ఏమీ కోలుకోలేదట. కాబట్టి రంగు ఒక్కటే చూసి మాత్రలు కొనడం డబ్బు దండగ. పైగా అవసరం లేకుండా వాడితే క్రిములు ఆ మందుకు మొండికేస్తాయి. నిజంగా జబ్బు వచ్చిన రోజు మందు పని చేయదు. డాక్టరు చూసి రాసిస్తే మాత్రం పూర్తిగా వాడాలి.

మామూలు దగ్గుకు గోరువెచ్చని నీళ్లు బాగా తాగాలి, నిద్రపోవాలి. మన అడవి తేనె ఒక చెంచా తీసుకుంటే గొంతుకు హాయిగా ఉంటుంది. కాని ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం క్రిమి వాళ్లకు ప్రమాదం.

తెల్ల కళ్లె చేసిన మోసం

రంగును నమ్మితే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. 2023లో ఇప్పపువ్వు ఏరే రోజుల్లో మా పెదనాన్నకు దగ్గు మొదలైంది. అదే రోజుల్లో పక్కింటి పిల్లవాడికి పచ్చ కళ్లె పడింది. వాళ్లమ్మ భయపడి కోళ్లు అమ్మి మాత్రలు కొన్నది. ఆ పిల్లవాడు వారానికి ఆడుకోవడం మొదలుపెట్టాడు. మామూలు జలుబే.

మా పెదనాన్నకు మాత్రం తెల్లగానే పడేది. "తెల్లగుంది గదా, నాకేమైతది" అనేవాడు. ఊళ్లో అందరూ అదే అన్నారు. తునికాకు కోత అయిపోయింది. వానలు పడ్డాయి. దగ్గు పోలేదు. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చగా అయ్యేది. రాత్రి చెమటకు దుప్పటి తడిసేది. ఎడ్లను తోలుకుని పోడు చేనుకు పోయేవాడు సగం దారిలో కూర్చునేవాడు. నడుముకు కట్టిన మొలతాడు జారిపోయేంత చిక్కిపోయాడు. అప్పుడు ఆశా అక్క వచ్చి, రంగు సంగతి అడగనే లేదు. "ఎన్ని రోజులైంది?" అని అడిగింది. కళ్లె పరీక్ష చేయించింది. టీబీ అని తేలింది.

టీబీ వచ్చినవాళ్ల కళ్లె తెల్లగా ఉండొచ్చు, పసుపుగా, పచ్చగా ఉండొచ్చు, రక్తం పడొచ్చు, పడకపోవచ్చు. అసలు కళ్లె లేని పొడి దగ్గే ఉండొచ్చు. ఆ క్రిమిని రాబర్ట్ కాక్ అనే జర్మనీ డాక్టరు కనిపెట్టి 1882 మార్చి 24న లోకానికి చెప్పాడు. అందుకే ఏటా ఆ రోజు టీబీ దినం జరుపుతారు. ఇన్నేళ్లయినా ప్రపంచంలో టీబీ వచ్చేవాళ్లలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు.

రెండు సంతల లెక్క

దవాఖానా గోడ మీద "రెండు వారాలు మించిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోండి" అని రాసి ఉంటుంది. మన ఊళ్లల్లో తేదీలు రాసుకునేవాళ్లు తక్కువ. కాని సంత ఎప్పుడో అందరికీ తెలుసు. వారానికి ఒక సంత. అందుకే నేను మా నాయనమ్మకు ఇట్లా చెప్పాను: దగ్గు మొదలైనాక రెండు సంతలు దాటిపోతే, మూడో సంతకు పోయే లోపు దవాఖానాకు పోవాలి. కళ్లె ఏ రంగైనా సరే. ఇప్పుడు మా నాయనమ్మ ఊళ్లో ఎవరు దగ్గినా "ఎన్ని సంతలైంది?" అని అడుగుతుంది.

దగ్గుతో పాటు రక్తం పడటం, సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం ఉంటే రెండు సంతల దాకా కూడా ఆగవద్దు. ఇంట్లో ఇప్పటికే టీబీ ఉన్నవాళ్లుంటే కూడా ఆగవద్దు.

కళ్లె పరీక్షకు ఎట్లా ఇవ్వాలి?

చాలామంది సిగ్గుపడి డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. ఉమ్మిలో క్రిమి దొరకకపోవచ్చు. అప్పుడు జబ్బు ఉన్నా లేదని వస్తుంది. సరైన పద్ధతి ఇది:

నోరు నీళ్లతో పుక్కిలించాలి. గాలి ఆడే ఆరుబయట, ఇతరులకు దూరంగా నిలబడాలి. రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీలో నుంచి దగ్గి, వచ్చిన చిక్కటి కళ్లెను డబ్బాలో వేయాలి. మూత గట్టిగా బిగించాలి. మామూలుగా రెండుసార్లు తీసుకుంటారు, అప్పటికప్పుడు ఒకటి, మర్నాడు పొద్దున లేవగానే ఒకటి.

ల్యాబులో కళ్లెను గాజు పలక మీద పూసి రంగు వేస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే నీలం మీద ఎర్రని సన్న పుల్లల్లాగ టీబీ క్రిములు కనపడతాయి. ఇప్పుడు ట్రూనాట్ అనే మిషన్లు కూడా వచ్చాయి. అవి మన దేశంలో తయారైనవే. కళ్లెలో క్రిమి ఉందా, దానికి ముఖ్యమైన మందు పని చేస్తుందా అనేది కూడా కొన్ని గంటల్లో చెప్తాయి. సర్కారు దవాఖానాలో పరీక్ష, మందులు అన్నీ ఉచితం.

ఇంకొక రంగు: మందు రంగు

మామూలు టీబీకి కనీసం ఆరు నెలలు మందులు మింగాలి. మందులు మొదలుపెట్టిన రెండో రోజే మా పెదనాన్న మూత్రం నారింజ రంగులో వచ్చింది. "మందులు నా రక్తాన్ని తోడేస్తున్నాయి" అని భయపడి మానేస్తానన్నాడు. ఆశా అక్క వచ్చి, అది రిఫాంపిసిన్ అనే మాత్ర రంగు, రక్తం కాదు అని చెప్పింది. చెమట, కన్నీళ్లు కూడా అట్లా రావచ్చట. ఈ ముక్క ముందే తెలియక మందు మానేసేవాళ్లు ఉంటారు. కాని కళ్లు పచ్చబడితే, వాంతులైతే, ఆకలి పూర్తిగా పోతే అది వేరు. కాలేయానికి దెబ్బ తగులుతుందేమో, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇంకో సంగతి. రెండు నెలలకే దగ్గు పోయి ఒంట్లో బలం వస్తుంది. "తగ్గింది గదా" అని అక్కడ ఆపితే మిగిలిన క్రిములు మొండివై మళ్లీ లేస్తాయి. మా పెద్దమ్మ రోజూ మాత్ర మింగినాకనే అంబలి పోసేది. ఆరు నెలలు పూర్తయ్యాయి. పెదనాన్న మళ్లీ చేనుకు పోతున్నాడు. మంచి తిండి కోసం సర్కారు ఇచ్చే డబ్బులు అప్పుడు నెలకు 500 రూపాయలు. 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతాలో పడతాయి. వాళ్ల ఇంట్లో పిల్లలను కూడా పరీక్ష చేశారు. ఎందుకంటే టీబీ గాలి ద్వారా వస్తుంది, ఒకే ఇంట్లో పడుకునేవాళ్లకు ముందు అంటుతుంది. ఒక పళ్లెంలో తిన్నందుకు, చేయి పట్టుకున్నందుకు రాదు.

చిన్నపిల్లలకు రంగు లెక్క పని చేయదు

మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కళ్లెను ఉమ్మలేరు, మింగేస్తారు. కాబట్టి వాళ్లకు రంగు చూడటానికి ఏమీ ఉండదు. వాళ్లకు ఊపిరి లెక్క పెట్టాలి. పాప ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీద గుడ్డ తీసి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించాలి.

రెండు నెలల లోపు పాపకు నిమిషానికి 60 గాని ఎక్కువ గాని,
రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 గాని ఎక్కువ గాని,
ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 గాని ఎక్కువ గాని ఉంటే న్యుమోనియా కావచ్చు.

ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంట పడితే దాన్నే మనవాళ్లు డొక్కలెగరేయడం అంటారు. పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, పెదవులు నీలంగా మారినా అప్పుడే బయలుదేరాలి. కొన్ని ఊళ్లల్లో డొక్కలకు వాతలు పెడతారు. పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు. కాని కాల్చిన చోట పుండు అవుతుంది, లోపలి క్రిమి చావదు, దవాఖానాకు పోవలసిన పొద్దు గడిచిపోతుంది. ఈ మాట ఇంట్లో చెప్పాల్సింది చదువుకుంటున్న మనమే. న్యుమోనియాకు అడ్డు వేసే పీసీవీ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా వేస్తారు. మీ ఇంట్లో పసిపిల్లలకు వేయించారా అని సెలవులకు పోయినప్పుడు కార్డు తీసి చూడండి.

మన హాస్టల్లో ఏం చేయాలి?

దగ్గును దాచుకోవద్దు. ఇంటికి పంపిస్తారని, పరీక్షలు పోతాయని, పక్కన ఎవరూ పడుకోరని దాస్తారు. నాకు తెలుసు. కాని ఒక గదిలో అంతమందిమి పడుకుంటాం. ఒకరు దాస్తే అందరికీ కష్టం. మందులు సరిగ్గా మింగితే చాలామంది కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించకుండా అవుతారు. డాక్టరు చెప్పిన రోజులు విడిగా ఉండి మళ్లీ బడికి రావచ్చు. అట్లా వచ్చినవాళ్లను వెక్కిరించడం పాపం.

దగ్గేటప్పుడు నోటికి చున్నీ గాని మోచేయి గాని అడ్డం పెట్టుకోవాలి. కుళాయిల దగ్గర, గోడల మీద ఉమ్మవద్దు. చలి అని కిటికీలన్నీ మూయవద్దు. గాలి, వెలుతురు వస్తేనే క్రిములు తగ్గుతాయి.

గుర్తుంచుకోండి

పచ్చ రంగు చూసి భయపడవద్దు.
తెల్ల రంగు చూసి ధీమాగా ఉండవద్దు.
ఎరుపు, తుప్పు రంగు పడితే ఆగవద్దు.
పసిపిల్లలకు ఊపిరి లెక్కించండి.
ఏ రంగైనా, రెండు సంతలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించండి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు, చదవడం రాని మన అమ్మలకు, నాయనలకు మన ఇంటి భాషలో ఈ ఐదు మాటలు చెప్పండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని